ఒళ్ళు తేలిగ్గా ఉన్నరోజే జాగ్రత్త

2021 మేలో కోవిడ్ తగ్గింది, నీరసం తగ్గలేదు. లెక్కల టీచర్ని. ఒక్క పీరియడ్ నిలబడి పాఠం చెబితే మర్నాడు మంచం దిగలేకపోయేదాన్ని. "రోజూ వాకింగ్ చెయ్యమ్మా, అదే పోతుంది" అన్నారు చూసిన డాక్టరు. చేశాను. పదిరోజులు లేవలేదు.

ముందు రక్తపరీక్షలు చేయించండి: హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12. తేడా ఉంటే దానికి మందుంది. అన్నీ బాగున్నా ఆరు నెలలుగా ఇదే వరస, నిద్రపోయినా బడలిక తీరదు, శ్రమపడ్డ ఒకటి రెండు రోజులకు కూలబడిపోతున్నారు అంటే ఎంఈ/సీఎఫ్ఎస్ (నెలల తరబడి వదలని తీవ్ర నీరసం జబ్బు) కావచ్చేమో డాక్టర్ని అడగండి. ఈ జబ్బుకు వ్యాయామం పెంచుకుంటూ పొమ్మనే పాత సలహాను బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2021లోనే తీసేశాయి. ఆ కాగితం ప్రింటు తీసుకెళ్ళండి. నేను తీసుకెళ్ళాను.

ఒంట్లో ఏం జరుగుతోందంటే, కణంలో ప్రొటీన్లను మడతపెట్టి సిద్ధంచేసే చోటు ఒకటుంది, ఎండోప్లాస్మిక్ రెటిక్యులం. అక్కడ ఒత్తిడి పెరిగితే డబ్ల్యూఏఎస్ఎఫ్3 అనే ప్రొటీన్ పేరుకుని, మైటోకాండ్రియాలో శక్తి తయారుచేసే భాగాలు జతకూడకుండా అడ్డుపడుతోందని 2023లో అమెరికా పరిశోధకులు చెప్పారు. కండరాలు పరీక్షించింది 14 మంది రోగులవే, కాబట్టి ఇదే అసలు కారణమని తేల్చలేం. నాకైతే ఇన్వర్టర్ గుర్తొచ్చింది. ఫ్యాను తిరుగుతుంది కదా అని మిక్సీ కూడా వేస్తే ట్రిప్పవుతుంది.

మీ ఒళ్ళు ఎంతవరకు తట్టుకుంటుందో తెలియాలంటే, రెండు వారాలు ఏమీ మార్చకుండా నోటుబుక్కులో రాయండి: ఏ పని, ఎన్ని నిమిషాలు, ఆ తర్వాత రెండు రోజులు ఎలా గడిచాయి. ఫోన్లో మాట్లాడటం, పేపర్లు దిద్దటం కూడా పనే. నా పుస్తకంలో తలస్నానం, వంట ఒకేరోజు పడ్డప్పుడల్లా మూడోరోజు ఖాళీ పేజీ. ఇప్పుడు తలస్నానం చేసినరోజు వంట లేదు. మిగతా రోజుల్లో ఏ పనికైనా, అలుపు రాకముందే ఆపేలా, పట్టగలిగిన టైములో సగానికే టైమర్ పెడతాను. కూరలు స్టూలు మీద కూర్చునే తరుగుతాను.

ఒళ్ళు తేలిగ్గా ఉన్నరోజే మోసపోతాం. పోయిన సంక్రాంతికి, భోగి ముందురోజు, అరిసెల పాకం దగ్గర రెండు గంటలు కూర్చున్నాను. భోగినాడు బాగానే ఉన్నాను. పండగనాడు గ్లాసు ఎత్తలేకపోయాను.

టైమర్ మోగాక మిగిలిన బెండకాయలు మా ఆయన తరుగుతారు. వేపుడుకు పనికిరావు ఆ ముక్కలు. పులుసు పెట్టేస్తున్నాం.