తెరకథ రచన – ఏడవ పాఠం: రంగూన్ నుంచి ఉత్తరం రాదు

ఆరవ పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన సీన్లన్నీ చదివిన తరువాత, ఈసారి చెప్పదలచుకున్న కలయిక ఘట్టాన్ని పాఠం చివరికి నెట్టి, విడిపోయే ఘట్టం దగ్గరికే మళ్లీ వెళ్లవలసి వస్తున్నది. కథాబీజాన్ని ఒకసారి గుర్తు చేస్తాను. కాకినాడ దగ్గరి పల్లె నుంచి బర్మాలోని రంగూన్ వెళ్లి బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరినవాడు నారాయణ. రంగూన్‌లోనే పుట్టి పెరిగిన రేవు మేస్త్రీ కూతురు సీతమ్మ. జపాన్ దండయాత్ర వీరిద్దరినీ విడదీస్తుంది. నారాయణ భారతదేశం చేరుకుంటాడు, సీతమ్మ అక్కడే ఉండిపోయి, నేతాజీ సుభాష్ చంద్రబోసు నాయకత్వంలో జపాన్ పక్షాన బ్రిటిష్ వారితో పోరాడిన ఆజాద్ హింద్ ఫౌజులోని మహిళా విభాగం ఝాన్సీ రాణి దళంలో చేరుతుంది, 1945లో రంగూన్‌లోనే ఇద్దరూ తిరిగి ఎదురుపడతారు. వీటిలో విడిపోయే సీను ఒక్కటే రాయమన్నాను. సంభాషణలు చాలామంది చక్కగా రాశారు. కాలం దగ్గరే కథలు కుంటుపడ్డాయి.

ఒక సీనులో 1942 ఏప్రిల్ నెలలో రంగూన్ రేవులో ఓడ కూత పెడుతుంది, నారాయణ డెక్కు మీద నిలబడి చెయ్యి ఊపుతాడు. ఆ నగరం మీద మొదటిసారి బాంబులు పడింది 1941 డిసెంబరు 23న. 1942 మార్చి 7న బ్రిటిష్ వారు సిరియం చమురు శుద్ధి కర్మాగారాన్ని ధ్వంసం చేసి నగరం వదిలారు, మరునాడు జపాన్ సైన్యం లోపలికి వచ్చింది. కాబట్టి ఏప్రిల్‌లో ఆ ఓడకు టిక్కెట్టు అమ్మేవారే లేరు. పైగా ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి గనుక దిగవలసిన రేవూ క్షేమంగా లేదు. మరొక సీనులో సీతమ్మ 1942 జనవరిలోనే రంగూన్‌లో నేతాజీ ఉపన్యాసం వింటుంది. అప్పటికి బోసు బెర్లిన్‌లో ఉన్నారు. సింగపూర్‌లో అడుగుపెట్టింది 1943 జూలై 2న. ఇలాంటివి ఒక పూట కూర్చుని చదివితే సర్దుకునే పొరపాట్లు కనుక వాటిని ఇక్కడితో వదిలేస్తాను.

వదలలేనిది ఉత్తరం. విడిపోయే సీను మాత్రమే అడిగినా, చాలామంది ఉత్సాహం కొద్దీ ఆ తరువాతి కథను కూడా నాలుగు వాక్యాల్లో జతచేశారు, ఆ నాలుగు వాక్యాల్లో ఉత్తరం వచ్చి కూర్చుంది. 1943లో సీతమ్మ రంగూన్ నుంచి రాస్తుంది, కాకినాడలో నారాయణ దీపం వెలుగులో చదువుకుంటాడు, నేపథ్యంలో ఆమె గొంతు వినిపిస్తుంది. ఈ సీను ఎంత అందంగా రాసినా అబద్ధమే. 1942 మార్చి తరువాత రంగూన్ ఒక సామ్రాజ్యం చేతిలో, కాకినాడ మరొక సామ్రాజ్యం చేతిలో ఉన్నాయి. రెంటి మధ్యా తపాలా లేదు, తంతి లేదు, మనియార్డరు లేదు. కొండలూ అడవులూ, వాటి నడుమ ఒకదానినొకటి కాల్చుకుంటున్న రెండు సైన్యాలూ ఉన్నాయి.

దీనికి నాకు వచ్చిన సమాధానాలను ఒక్కొక్కటిగా తీసుకుంటాను. సైనికులు ఇంటికి ఉత్తరాలు రాసుకునేవారు కదా అని ఒకరు అడిగారు. రాసుకునేవారు, సెన్సారు అధికారి వాటిని చదివి పంపేవాడు. అయితే ఆ ఉత్తరాలు తమ పక్షం అధీనంలోని నేల మీదనే తిరిగేవి. జపాన్ చెరలోని బ్రిటిష్ యుద్ధఖైదీలకు 25 మాటలకు మించని కార్డులు రాసుకునే అవకాశం ఉండేది కదా అని మరొకరు పట్టుకొచ్చారు. నిజమే, అయితే అది ఖైదీకి దక్కిన అవకాశం; సీతమ్మ ఖైదీ కాదు, బ్రిటిష్ వారి మీద తుపాకీ పట్టడానికి సిద్ధమైన సైనికురాలు. రహస్య దూత చేతికి ఇచ్చి పంపవచ్చు కదా అన్నది మూడో సమాధానం. దూతలు లేకపోలేదు. పెనాంగ్‌లో శిక్షణ పొంది 1942లో జలాంతర్గామిలో వచ్చి మలబారు తీరంలో దిగిన వక్కం అబ్దుల్ ఖాదర్ పట్టుబడ్డాడు, 1943 సెప్టెంబరు 10న మద్రాసు జైలులో ఆయనను ఉరి తీశారు. అటువంటి మనిషి జేబులో ప్రేమలేఖ పెట్టి పంపే రచయిత ఆ మనిషి ప్రాణానికి ఎంత వెల కట్టాడో ఆలోచించుకోవాలి. అంత వెల కట్టదలచుకుంటే అప్పుడు కథ సీతమ్మ నారాయణలది కాదు, ఆ దూతది అవుతుంది.

రేడియో ఉన్నదన్నారు. ఉన్నది, కాని అది ఒకవైపు మాట్లాడే యంత్రం. 1944 జూలై 6న బోసు రంగూన్ నుంచి గాంధీజీని ఉద్దేశించి ప్రసంగించారు; ఆ ప్రసంగం కాకినాడలో ఏ ఇంట్లోనైనా వినిపించిందనుకుంటే, నారాయణకు రంగూన్ అనే ఊరి గొంతు దొరుకుతుంది, సీతమ్మ గొంతు దొరకదు. ఈ ఒక్క సమాధానాన్ని నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే దీనిలో సీను ఉన్నది. తనకు కావలసిన మనిషి ఉన్న నగరం నుంచి మాట వస్తుండగా, ఆ మనిషి బ్రతికి ఉన్నదో లేదో తెలియక రేడియో ముందు కూర్చున్న వ్యక్తి చేత ఒక్క మాట కూడా పలికించనక్కరలేదు.

మీకు ఉత్తరం మీద అంత మోజు ఎందుకో నాకు తెలుసు. పాత్ర మనసులోని మాటను నోటితో చెప్పించడానికి అది సులువైన దారి. వాయిస్ ఓవర్ అంటే నాకు మొదటి నుంచీ పడదు, ఇది నా అభిరుచి అనుకున్నా సరే. కాని ఇక్కడ అభ్యంతరం అభిరుచికి సంబంధించినది కాదు. ఉత్తరం అందిన మరుక్షణం సీతమ్మ బ్రతికి ఉన్నట్టు నారాయణకు తెలిసిపోతుంది, అక్కడితో 1942 నుంచి 1945 వరకు సాగవలసిన కథ ఆగిపోతుంది. ఇక మిగిలేది ఎదురుచూపు మాత్రమే. తెలియకపోవడం ఎదురుచూపు కన్నా చాలా పెద్దది. రెండేళ్ల మౌనం తరువాత నారాయణ తల్లి మరో సంబంధం చూస్తే ఆమెను దుర్మార్గురాలిగా చిత్రించవలసిన పని లేదు; ఆమె లెక్కలో రంగూన్ పిల్ల చనిపోయినదే. కథలో మీరు ప్రవేశపెట్టిన దుష్ట మేనమామను, దొంగ తంతిని, అసూయపడే మిల్లు యజమాని కొడుకును ఇక తీసివేయవచ్చు. వారు చేయవలసిన పనిని యుద్ధం చేసిపెట్టింది.

సినిమాకు ఉన్న వీలు ఏమిటంటే, పాత్రలకు తెలియనిది ప్రేక్షకుడికి చూపించగలగడం. సీతమ్మ తుపాకీ భుజాన పెట్టుకుని కవాతు చేస్తున్న సీనుకు వెంటనే నారాయణ పెళ్లిచూపుల సీను అతికిస్తే, మధ్యలో ఏ వ్యాఖ్యానమూ అక్కరలేకుండా ప్రేక్షకుడి గుండె బరువెక్కుతుంది. దీనికి నేను వాడే అడ్డదారి ఒకటి ఉన్నది. పెద్ద కాగితం మీద మూడు నిలువు గడులు గీసి, మొదటి దానిలో తేదీ ప్రకారం నిజంగా జరిగినది, రెండవ దానిలో సీతమ్మకు తెలిసినది, మూడవ దానిలో నారాయణకు తెలిసినది రాసుకుంటాను. రెండవ గడికీ మూడవ గడికీ మధ్య ఎక్కడ ఎక్కువ తేడా కనిపిస్తుందో అక్కడ సీను రాస్తాను. గడులు ఒకేలా ఉన్న నెలలను ఒక్క షాటులో దాటవేస్తాను. సిద్ధాంతాలు చదవడం కన్నా ఈ కాగితం నాకు ఎక్కువ పని చేసింది.

నారాయణ గడిలోకి వార్త రాగల దారి ఒక్కటి మిగిలింది, దానిని మాత్రం ఎవరూ వాడుకోలేదు. 1942లో లక్షల మంది భారతీయులు బర్మా వదిలి నడిచి వచ్చారు. కొందరు ప్రోమ్ నుంచి టాంగప్ కనుమ దాటి అరకాన్ తీరం మీదుగా చిట్టగాంగ్ చేరారు, మరికొందరు టాము, పాలెల్ మీదుగా ఇంఫాల్ చేరి అక్కడి నుంచి దిమాపూర్‌లో రైలెక్కారు. కలరా, మలేరియా, ఆకలి దారి పొడుగునా మనుషులను తీసుకుపోయాయి. ఆ దారిలో తెల్లవారికి ఒక బాట, నల్లవారికి ఒక బాట కేటాయించారన్న ఆరోపణ అప్పట్లోనే పెద్ద వివాదమైంది. ఆ నడిచి వచ్చినవారే చివరి తపాలా. నారాయణ తనకన్నా వెనుక వచ్చిన ఒక రేవు కూలీని పట్టుకుని మేస్త్రీ కుటుంబం గురించి అడిగితే, ఆ కూలీ చెప్పే కబురు అప్పటికే నెలల పాతది, సగం విన్నది, సగం ఊహించినది. అతడు ఓదార్చడానికి అబద్ధం చెబుతున్నాడా, నిజమే చెబుతున్నాడా అన్నది నారాయణ తేల్చుకోలేడు. మీరు ఉత్తరానికి కేటాయించిన నిడివిని ఈ సంభాషణకు ఇవ్వండి.

సీతమ్మ ఎందుకు ఉండిపోయింది అన్న ప్రశ్నకు మీలో ఎక్కువమంది తండ్రిని బాంబుకు బలి ఇచ్చి సమాధానం చెప్పారు. బాంబు అనేది కథకుడికి ఖర్చు లేని కారణం. ఆ తండ్రి వృత్తిలోకి వెళితే అంతకన్నా బలమైన కారణం దొరుకుతుంది. మేస్త్రీ అంటే కూలీలను మన తెలుగు తీరం నుంచి అడ్వాన్సు ఇచ్చి తెచ్చి, వారి కూలిలో వాటా తీసుకుంటూ బ్రతికే మనిషి. అతని ఆస్తి అంతా ఇతరుల దగ్గర రావలసిన బాకీల్లో ఉంటుంది. బాంబులు పడగానే కూలీలు పారిపోయారు. వారు లేనిదే రేవు నడవదు గనుక వారిని తిరిగి రప్పించడానికి ప్రభుత్వం తంటాలు పడింది. బాకీలు వదులుకోలేక, కూలీలు తిరిగి వస్తారన్న ఆశతో ఆ మేస్త్రీ ఆగాడంటే నేను నమ్ముతాను. ఆ ఆగడంలో అతని తప్పు కూడా ఉన్నది కనుక, సీతమ్మ తండ్రిని ప్రేమించడమూ కష్టమవుతుంది, ద్వేషించడమూ కష్టమవుతుంది.

ఇక్కడే బర్మా వారి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ సీన్లలో వారు గొడుగులు పట్టుకుని వెనుక నడిచిపోయేవారుగానే కనిపించారు. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. 1930 మే నెలలో రేవు పనుల విషయమై తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ జరిగిన అల్లర్లలో నెత్తురు పారింది. తమిళ వడ్డీ వ్యాపారులైన చెట్టియార్ల అప్పుల కింద దిగువ బర్మా వరి పొలాల్లో నాలుగో వంతు దాకా వారి చేతుల్లోకి పోయింది. అందుచేత బర్మా స్వాతంత్ర్యోద్యమ నాయకుడు ఆంగ్ సాన్ అనుచరులకు స్వాతంత్ర్యం అంటే బ్రిటిష్ వారు పోవడం మాత్రమే కాదు. సీతమ్మ తన దేశం కోసం ఏ నేల మీద కవాతు చేస్తున్నదో, ఆ నేల మరొకరి దేశం. అప్పటిదాకా జపాన్ పక్షాన ఉన్న ఆ ఆంగ్ సాన్ సైన్యమే 1945 మార్చి 27న జపాన్ మీద తిరగబడింది. ఒక్క బర్మా పొరుగింటి స్త్రీకి పేరు, ఇల్లు, నాలుగు మాటలు ఇస్తే ఈ విషయం సీనులోకి తనంతట తానే వస్తుంది.

ఇప్పుడు కలయిక ఘట్టం. తేదీలు సరిగ్గా పేర్చుకున్నవారికి ఇది కష్టం కాదు కనుక త్వరగా చెప్పేస్తాను. 1945 ఏప్రిల్ 24న బోసు రంగూన్ వదిలి వెళుతూ మలయా నుంచి వచ్చిన రాణులను, అంటే ఝాన్సీ రాణి దళం సైనికురాళ్లను, వెంట తీసుకువెళ్లారు. బర్మాలో ఇళ్లున్న రాణులను అంతకుముందే ఇళ్లకు పంపివేశారు. సీతమ్మ రంగూన్‌లో పుట్టిన పిల్ల, కాబట్టి ఆమె నగరంలోనే ఉన్నది, యూనిఫారం మాత్రం లేదు. జపాన్ వారు వెళ్లిపోయాక ఫౌజు అధికారి లోగనాథన్ నాయకత్వంలో మిగిలిన ఆజాద్ హింద్ ఫౌజు సైనికులు నగరంలో లూటీలు జరగకుండా కాపలా కాశారు. మే 3న బ్రిటిష్ భారత సైన్యపు 26వ డివిజన్ రంగూన్‌లో ప్రవేశించింది. నారాయణ ఆ డివిజన్‌తో గుమాస్తాగా వచ్చాడనుకోండి. తిండి కోసం, జీతం కోసం, బహుశా రంగూన్ వెళ్లే దారి అదొక్కటే అని తోచి కూడా, 1944 చివరలో అతడు సైన్యంలో చేరి ఉంటాడు. బ్రిటిష్ అధికారులు ఫౌజు వారిని విచారించి, తమ పట్ల విధేయతను బట్టి తెలుపు, బూడిద, నలుపు అని మూడు తరగతులుగా విభజించారు. ఆ జాబితాలు రాసే బల్ల దగ్గర నారాయణను కూర్చోబెడితే, సీతమ్మ పేరు అతని కలం కిందికి వచ్చే సందర్భాన్ని మీరే కల్పించగలరు. ఆమె దాచుకున్న జపాన్ రూపాయి నోట్లు ఆ వారంలోనే చిత్తుకాగితాలయ్యాయి. ఆమె చేతిలో ఏమి ఉండాలో ఆలోచిస్తున్నవారికి అదొక దారి. కౌగిలింత మాత్రం వద్దు, కనీసం ఆ సీనులో వద్దు.

అభ్యాసం. 1941 డిసెంబరు నుంచి 1945 మే వరకు నెల నెలకూ ఒక వరుస చొప్పున మూడు గడుల కాగితాన్ని పూర్తి చేయాలి. దాని ఆధారంగా మూడు సీన్లు రాయాలి: ప్రేమ అన్న మాట రాకుండా విడిపోయే సీను, నడిచి వచ్చిన కూలీతో నారాయణ మాట్లాడే సీను, జాబితా బల్ల దగ్గరి సీను. తెర మీద తేదీ వేయకూడదు, ఫ్లాష్‌బ్యాక్ ఉండకూడదు, ప్రేక్షకుడికి కాలం వస్తువుల వల్లనే తెలియాలి. సీన్ల కన్నా ముందు నేను కాగితమే చదువుతాను. నారాయణ గడిలో ఏ నెలలోనైనా రంగూన్ వార్త కనిపిస్తే, దానిని ఎవరు ఏ దారిన మోసుకొచ్చారో పక్కన రాసి ఉండాలి, లేకపోతే ఆ సీన్లు చదవకుండానే తిప్పి పంపుతాను.