‘మనవాళ్లు’ అంటే ఎవరు? రాజ్యాంగ ప్రవేశికతో ఊళ్లో చర్చ పెట్టడం ఎలా

ఇంట్లో బడికెళ్లే పిల్లలుంటే వాళ్ల సాంఘిక శాస్త్రం పుస్తకం తిరగేయండి. రాజ్యాంగ ప్రవేశిక అందులో అచ్చేసి ఉంటుంది. పిల్లలు దాన్ని బట్టీ పట్టి అప్పజెబుతారు. నవంబర్ 26 రాజ్యాంగ దినోత్సవమని 2015లో ప్రకటించారు కాబట్టి ఆ రోజు ఆఫీసుల్లో కూడా అందరూ నిలబడి చదువుతారు. చదవడం అవ్వగానే ఎవరి సీట్లోకి వాళ్లు వెళ్లిపోతారు.

ఆ ఒక్క పేజీ ముందు పెట్టుకుని పాతికమంది గంటన్నర కూర్చుంటే బోలెడు మాటలు బయటికొస్తాయి. మా వైపు ఇలాంటివి నాలుగు పెట్టాం. మొదటిది ఘోరంగా పోయింది. ‘ప్రజాస్వామ్యం - మన విలువలు’ అని ఫ్లెక్సీ కట్టాం, వేదిక వేశాం, నలుగురు వక్తల్ని పిలిచాం. ఒకాయన నలభై నిమిషాలు మాట్లాడారు. వెనక కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఆ దెబ్బతో నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

1. ఒక్క మాట, ఒక్క సంగతి

ప్రవేశికలో న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం ఉన్నాయి. నాలుగూ ఒకే రోజు పెట్టుకుంటే ఏదీ తెమలదు. నన్నడిగితే సౌభ్రాతృత్వంతో మొదలుపెట్టమంటాను. మిగతా మూడింటి మీద అందరి దగ్గరా రెడీమేడ్ అభిప్రాయాలుంటాయి. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి నోరు తిరగదు, కాస్త ఆగి ఆలోచిస్తారు.

దానికి ఊళ్లోని ఒక సంగతి జత చెయ్యండి. శ్మశానానికి దారి, మంచినీళ్ల ట్యాంకు, వినాయక చవితి చందాలు, అద్దె ఇళ్లు... మీ ఊరికి ఏది తగులుతుందో మీకే తెలుసు. రాజ్యాంగం 15వ అధికరణలోని రెండో భాగం ఓసారి చదవండి. పెద్ద పెద్ద మాటలేవీ ఉండవు. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరుపేరునా చెప్పి, మతం, కులం లాంటి కారణాలతో అక్కడ ఎవరినీ అడ్డుకోకూడదంటుంది. రాసినవాళ్లు ఊరికే రాయలేదు. ఆ రాత అమల్లోకి వచ్చిన 35 ఏళ్లకి, 1985లో, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ ఆరుగురు దళితుల హత్య దాకా పోయింది.

ఒక జాగ్రత్త. కేసు నడుస్తున్న గొడవనీ, నిన్నమొన్న కొట్టుకున్న విషయాన్నీ మొదటి చర్చకే తీసుకోకండి. జనం కలిసి కూర్చోవడానికి అలవాటు పడ్డాక అవీ వస్తాయి.

2. చోటు చూసుకోవడం

సగం పని ఇక్కడే ఉంది. రచ్చబండ అనగానే మనకు ముచ్చటేస్తుంది. ఆ బండ మీద ఒకప్పుడు ఎవరు కూర్చునేవాళ్లు, ఎవరు కింద నిలబడేవాళ్లు అని ఊళ్లో డెబ్భై దాటినవాళ్లని అడగండి. అదే మీ ఊరి సంగతైతే అక్కడ చర్చ పెట్టొద్దు. గుడి మండపం, చర్చి హాలు, మసీదు ఆవరణ, ఫలానా కులం వాళ్ల కమ్యూనిటీ హాలు, పార్టీ ఆఫీసు, ఊరి పెద్ద ఇంటి అరుగు, ఏదైనా అంతే. కొందరికి అది సొంతిల్లు, కొందరికి పరాయి గుమ్మం. పరాయి గుమ్మంలో ఎవరూ మనసులో మాట చెప్పరు.

బడి మేలు. బడి వేళలు దాటాక హెడ్మాస్టర్ అనుమతి తీసుకుని ఒక గది అడగండి. ఊళ్లో గ్రంథాలయం తెరిచి ఉంటే అదీ బాగుంటుంది. వేదిక, ఫ్లెక్సీ, శాలువాలు, జ్యోతి ప్రజ్వలన వద్దు. గుండ్రంగా జంపఖానాలు పరిచి అందరూ కింద కూర్చుంటే చాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నాలుగు కుర్చీలు వెయ్యక తప్పదు. కాకపోతే ఒకసారి మేం వేసిన నాలుగు కుర్చీల్లో నొప్పులున్న ముసలమ్మలు కాకుండా నిక్షేపంగా ఉన్న నలుగురు పెద్దమనుషులు కూర్చున్నారు! అప్పట్నుంచి కుర్చీ చూపించే పని ముందే ఒకరికి అప్పజెబుతున్నాం.

ముప్పై మందికి మించకపోతే మైకు అక్కర్లేదు. ఆరుబయట మైకు పెడితే పోలీసు అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు ఆరుబయట మైకు కుదరదు.

3. పిలవడం

వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడితే మీలాంటివాళ్లే వస్తారు. మీలాంటివాళ్లతో మీరు రోజూ మాట్లాడుతూనే ఉన్నారు. గడప గడపకీ వెళ్లి పిలవండి. ఊరి చివర కాలనీకి ముందు వెళ్లండి, మధ్య వీధికి తర్వాత వెళ్లండి. ఆడవాళ్లని ఒక్కొక్కరిగా పిలిస్తే రావడానికి మొహమాటపడతారు. పొదుపు సంఘం ద్వారా నలుగురైదుగురిని కలిపి పిలిస్తే వస్తారు, మాట్లాడతారు కూడా.

రోజు, వేళ కూడా చూసుకోవాలి. ఆదివారం పొద్దున పెడితే చర్చికి వెళ్లేవాళ్లు రారు. శుక్రవారం మధ్యాహ్నమైతే నమాజుకు వెళ్లేవాళ్లు రారు. వ్యవసాయ పనుల రోజుల్లో సాయంత్రం ఆరు లోపు ఎవరూ దొరకరు. మాకు ఆదివారం సాయంత్రం ఆరున్నర కుదిరింది.

నాయకులు వస్తామంటే రానివ్వండి, ముఖ్య అతిథిగా మాత్రం పిలవకండి. ఎన్నికల కోడ్ ఉన్న రోజుల్లో అసలు పెట్టుకోకపోవడమే సుఖం.

4. నడిపేది ఎవరు

ఇద్దరు కావాలి. ఒకరు మాట అందించాలి, ఇంకొకరు రాసుకోవాలి. మాట అందించేవాళ్లు తమ అభిప్రాయం చెప్పకూడదు. ఇది చాలా కష్టం, నేను రెండుసార్లు తప్పాను. మనిషికి రెండు నిమిషాలు, అందరూ ఒకసారి మాట్లాడేదాకా ఎవరికీ రెండోసారి లేదు. ఈ రెండు రూల్స్ ముందే చెప్పండి, సర్పంచికీ అదే అనండి.

రూల్ చెప్పడానికి మొహమాటంగా ఉంటే దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ని తలుచుకోండి. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర చిన్నపిల్ల వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది. టికెట్ తెచ్చాకే లోపలికి వదిలింది. తర్వాత ఆమే రాజ్యాంగాన్ని రాసిన రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు.

5. చదవడం, మొదటి ప్రశ్న

ప్రవేశిక జిరాక్స్ కాపీలు పంచండి. మనిషికో పంక్తి చదవాలి. చదువు రానివాళ్ల దగ్గరికి వచ్చేసరికి పక్కవాళ్లు చెబితే వాళ్లు తిరిగి చెబుతారు, దాటెయ్యకండి. ‘భారత ప్రజలమైన మేము’ అని మొదలై ‘మాకు మేము ఇచ్చుకొంటున్నాము’ అని ముగుస్తుంది కదా. అక్కడ ఆపి, ‘మేము’ అని ఎందుకన్నారు, ‘మనం’ అని ఎందుకు అనలేదు అని అడగండి.

మన భాషలో ఉన్న తమాషా ఇది. ‘మేము’ అంటే వింటున్నవాడు అందులో లేడు. ‘మనం’ అంటే వాడూ ఉన్నాడు. ఒక చర్చలో ఒక టైలరు, “అయితే ఆ మేములో మేం లేమా?” అన్నాడు. అక్కడి నుంచి మాట పరుగెత్తింది.

తర్వాతి ప్రశ్న: ఊళ్లో ‘మనోళ్లు’ అంటే ఎవరు? ఎవరైనా “మనోడేనా?” అని అడిగితే ఏం తెలుసుకోవాలని అడుగుతున్నట్టు? ఇంటిపేరు అడగడం వెనక ఏముంటుంది? నవ్వులు వస్తాయి, ఆ నవ్వులు తగ్గేదాకా ఆగండి. అంబేడ్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో, సౌభ్రాతృత్వం లేకపోతే సమానత్వం, స్వేచ్ఛ రంగు పూతంత పల్చగానే ఉంటాయన్నారు. ఈ మాట చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

6. అసలు మాటలు రాబట్టడం

‘మీ అభిప్రాయం ఏమిటి?’ అని అడిగితే టీవీలో విన్నదే చెబుతారు. ‘మీకేం జరిగింది?’ అని అడగండి. ఈ ఊళ్లో పరాయివాళ్లలా అనిపించిన రోజు ఏదైనా ఉందా? అనుకోని మనిషి ఆదుకున్న రోజు ఉందా? అడిగాక ఎవరూ మాట్లాడకపోయినా టెన్షన్ పడకండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. ఎనిమిదో అంకె దగ్గర ఎవరో ఒకరు గొంతు సవరించుకుంటారు.

ఇక్కడో గుంట ఉంది. తెలుగువాళ్ల చర్చ ఎక్కడ పెట్టినా పది నిమిషాల్లో ఎవరో ఒకరు హిందువులూ ముస్లింలూ కలిసి చేసుకునే నెల్లూరు బారా షహీద్ దర్గా రొట్టెల పండుగ చెబుతారు, ఇంకొకరు తెలంగాణ పల్లెల్లో హిందువులు కూడా పీర్లు ఎత్తుకోవడం చెబుతారు, మరొకరు ఉగాదికి దేవుని కడప వెంకన్న గుడికి వచ్చే ముస్లింల గురించి చెబుతారు. మూడూ నిజమే, మూడూ గొప్పవే. అందరికీ కడుపు నిండినట్టవుతుంది. చర్చ అక్కడే నిద్రపోతుంది. మీరు మెల్లగా అడగాల్సింది ఒకటుంది: పీరు ఎత్తుకున్న మనిషికి మర్నాడు మీ మేడ మీద పోర్షన్ అద్దెకిస్తారా? ‘వెజిటేరియన్లకు మాత్రమే’ అన్న బోర్డుతో ఎవరెవరు వెనక్కి వెళ్లిపోతున్నారు? ఆ గదిలో ఇల్లు దొరకనివాళ్లూ, ఇల్లు ఇవ్వనివాళ్లూ ఇద్దరూ ఉంటారు. ఇవ్వనివాళ్లని దోషుల్లా నిలబెట్టకండి, వాళ్ల కారణాలూ వినండి. ఒకావిడ “మా అత్తగారు ఒప్పుకోదు, నాకేం లేదు” అంది. పక్కనే అత్తగారు!

టీ మధ్యలో ఇవ్వండి, చివర్లో ఇస్తే తాగేసి వెళ్లిపోతారు. వీలైతే గాజు గ్లాసుల్లో ఇవ్వండి. కొన్ని ఊళ్ల టీ కొట్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. పేపర్ కప్పులు వచ్చాక అది పోయిందో, కనపడకుండా పోయిందో చెప్పడం కష్టం. ఒకే పళ్లెంలో గ్లాసులు తిరుగుతుంటే ఎవరి చెయ్యి ఆగుతుందో మీరు చూస్తారు, వాళ్లకీ తెలుస్తుంది. ఏమీ అనక్కర్లేదు.

7. వేడెక్కితే

దేవుడు, తిండి, పెళ్లి, రిజర్వేషన్లు, వీటి దగ్గర గొంతులు లేస్తాయి. లేచినప్పుడు ‘చేతులెత్తండి, తేల్చేద్దాం’ అనకండి. రాజ్యాంగ సభకే ఇది ఎదురైంది. 1949 అక్టోబర్ 17న ప్రవేశిక చర్చకు వచ్చినప్పుడు, అది ‘దేవుడి పేరిట’ అని మొదలవ్వాలని హెచ్.వి. కామత్ సవరణ పెట్టారు. అధ్యక్ష స్థానంలో రాజేంద్ర ప్రసాద్ ఉన్నారు. దేవుడి మీద ఓటేసే ఇబ్బందిలోకి మమ్మల్ని నెట్టొద్దని పూర్ణిమా బెనర్జీ బతిమాలారు. కామత్ పట్టు విడవలేదు. ఓటింగులో 41 మంది అవునన్నారు, 68 మంది కాదన్నారు. కాదన్నవాళ్లలో భక్తులు తక్కువేం లేరు. ఒకరి నమ్మకాన్ని అందరి నోటా పలికించడం సరికాదన్నదే వాళ్ల అభ్యంతరం.

మీ చర్చలో అలాంటిది వస్తే ఇద్దరినీ ఆపి, ‘ఆయన చెప్పింది మీకు అర్థమైనట్టు మీరు చెప్పండి’ అనండి. అవతలివాడు ‘అవును, నేనన్నది అదే’ అనేదాకా జవాబు చెప్పే వంతు రాదు. సగం గొడవలు ఇక్కడే చల్లబడతాయి. కులం పేరుతో ఎవరైనా ఎవరినైనా తూలనాడితే మాత్రం చర్చ అక్కడే ఆపెయ్యండి, బుజ్జగింపులు వద్దు.

8. లేచేముందు

రాసుకున్నాయన రెండు నిమిషాల్లో చదివి వినిపించాలి. ఎవరి పేరూ చదవకూడదు. ఫొటోలు, వీడియోలు గ్రూపుల్లో పెట్టొద్దని ముందే చెప్పండి, లేకపోతే రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

చెయ్యగలిగిన పని ఏదైనా తేలితే, అది పంచాయతీ పని అయితే, గ్రామ సభకు పట్టుకెళ్లండి. 73వ సవరణతో గ్రామ సభకు రాజ్యాంగంలోనే చోటొచ్చింది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామ సభ జరపాలి. మా రెండో చర్చ తర్వాత శ్మశానం దారిలో వీధిదీపం సంగతి అలాగే సభకెక్కింది. మూడో సభకి దీపం వచ్చింది.

పని ఏదీ తేలకపోయినా కంగారుపడకండి. వచ్చే నెల ఏ ఆదివారం, ఏ మాట, ఎవరి గదో అందరి ముందూ తేల్చుకోండి. జంపఖానాలు మడిచి, గ్లాసులు కడిగి, గది తాళం ఆ రాత్రే హెడ్మాస్టరుకి అప్పజెప్పండి. మర్నాడు పొద్దున్నే ఆ గదిలో మూడో తరగతి పిల్లలు కూర్చోవాలి.