ఊపిరి లెక్కపెట్టేటప్పుడు చెయ్యి వదలకండి

బీపీ, పల్స్, ఆక్సిజన్ మెషీన్ చూపిస్తుంది. వార్డులో ఊపిరి మాత్రం మనమే లెక్కపెట్టాలి. చాలా చార్టుల్లో అందాజుగా 18 అనో 20 అనో ఉంటుంది. అలా రాయకండి, ప్లీజ్.

పల్స్ చూశాక మణికట్టు అలాగే పట్టుకుని, ఛాతీ లేచి పడటం నిండు నిమిషం లెక్కపెట్టండి. ఇంకా పల్సే చూస్తున్నామని పేషెంట్ అనుకుంటారు; ఊపిరి లెక్కపెడుతున్నామని తెలిస్తే దాని తీరు మారిపోతుంది. దుప్పటి అడ్డొస్తే కాస్త కిందికి జరపండి.

పిల్లలు కాని వాళ్లకు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20. ఆపరేషన్ అయిన మనిషికి పొద్దున 16 ఉన్నది సాయంత్రానికి 24 అయితే, ఆక్సిజన్ 97 ఉన్నా సరే, డ్యూటీ డాక్టర్‌కి చెప్పండి. ఇన్ఫెక్షన్ ముదురుతుంటే ముందు ఊపిరే వేగం అందుకుంటుంది, బీపీ పడిపోయేది చాలాసార్లు ఆ తర్వాతే. మార్ఫిన్ (గట్టి నొప్పి మందు) ఇచ్చిన పేషెంట్ మత్తుగా ఉండి ఊపిరి 10 కంటే తగ్గితే అసలు ఆగొద్దు, వెంటనే పిలవండి.