షార్త్ర్ కేథడ్రల్ కిటికీని ఎలా చదవాలి?

పారిస్‌లోని మోంపర్నాస్ స్టేషన్‌లో రైలెక్కితే గంట, గంటంబావులో షార్త్ర్ ఊరు చేరతారు. అక్కడి కేథడ్రల్ (పెద్ద చర్చి) కిటికీల రంగు గాజుల్లో బైబిలు కథలు బొమ్మలుగా ఉంటాయి. చిన్న బైనాక్యులర్స్ ఉంటే చాలు. పలుచని మబ్బు పట్టిన రోజునే వెళ్లాలి. నీలం గాజు నిండుగా కనిపించేది అప్పుడే.

ముందు పడమటి ముఖం ఎదుట నిలబడండి. శిఖరాలు రెండింటికీ పొంతన లేకపోవడం శిల్పుల పొరపాటు కాదు: కుడివైపు సాదా శిఖరం 12వ శతాబ్దానిది, ఎడమవైపు నగిషీల శిఖరాన్ని జెహాన్ ద బోస్ అనే శిల్పి 1513లో ముగించాడు. 1194 నాటి అగ్నిప్రమాదంలో చర్చి చాలావరకు కాలిపోయినా ఈ ముఖం మిగిలింది. తరువాత పక్కకు నడిచి, గోడకు ఎడంగా నిలిచి రాతి కమానులతో దాన్ని కాస్తున్న ఊతలను చూడండి. సుమారు 37 మీటర్ల ఎత్తున ఉన్న కప్పు పక్కలకు నెట్టే బరువును అవి మోస్తున్నందువల్లనే గోడల్లో అంత పెద్ద కిటికీలకు చోటు దొరికింది.

లోపల పది నిమిషాలు ఊరికే కూర్చోండి. బయటి వెలుతురు కళ్లలోంచి పోవాలి.

అసలు పని చెడేది ఇక్కడే. నూట డెబ్బైకి పైగా ఉన్న కిటికీలన్నిటినీ అరగంటలో చుట్టేసి ఫోటోలతో బయటపడేవారిని చూసి చూసి విసిగిపోయాను. ఒక్కటి చాలు: దక్షిణపు నడవలోని మంచి సమరయుని కిటికీ. దొంగల చేతిలో దెబ్బతిన్న బాటసారిని సమరయ ప్రాంతపు మనిషి ఒకడు ఆదుకున్నాడని ఏసు చెప్పిన కథ అది. దాన్ని పుస్తకంలా పై నుంచి మొదలుపెట్టకూడదు. కింది నుంచి పైకి, ఒక్కో వరుసగా చదవాలి. పై నుంచి దిగితే ముగింపే ముందు ఎదురై కథ తలకిందులవుతుంది. అట్టడుగున చెప్పులు కుట్టేవారు పనిలో మునిగి కనిపిస్తారు. కిటికీ చేయించింది వారేనని సంప్రదాయంగా చెబుతారు. వారిని దాటాక యెరూషలేము నుంచి బయలుదేరిన బాటసారి, దొంగల దెబ్బలు, గాయాలకు కట్లు, పూటకూళ్ల ఇల్లు వరుసగా వస్తాయి. అక్కడితో కథ అయిపోయిందని కదిలిపోకండి. పై సగంలో బైబిలు చెప్పే తొలి మనుషులు ఆదాము, హవ్వల కథ మొదలవుతుంది, ఎందుకంటే మధ్యయుగపు బోధకుల దృష్టిలో దెబ్బతిన్న బాటసారి ఏదెను తోట నుంచి గెంటివేయబడిన ఆదామే, కాపాడిన సమరయుడు క్రీస్తే. ఆడియో గైడ్ చెవిలో పెట్టుకుంటే ఈ మలుపు తప్పిపోతుంది; చెవి ఒక కిటికీలో, కన్ను మరొక కిటికీలో ఉంటాయి.

బొమ్మ తెలియకపోతే బైనాక్యులర్స్ దించి, గాజు ముక్కలను కలిపే సీసపు గీతలు గీసిన ఆకారాన్ని మామూలు కంటితో పట్టుకుని, మళ్లీ ఎత్తి చూడండి.

సమయం మిగిలితే నేలమీద సుమారు 13 మీటర్ల వెడల్పున్న రాతి చిక్కుదారిలో నడవవచ్చు. తరచుగా దానిపై కుర్చీలు వేసి ఉంటాయి, వాటిని జరపకండి.