పరధ్యానం పిల్లలను విహారయాత్రకు పంపేముందు

"ఈసారి మీ అమ్మాయిని అరకు యాత్రకు పంపకపోతేనే మంచిదేమోనండీ, తనకు మతిమరుపు ఎక్కువ కదా" అని మా అమ్మాయి క్లాసు టీచరు ఫోనులో అన్నారు. ఆవిడ భయం నాకు అర్థమైంది. అంతమంది పిల్లలను ఇద్దరు ముగ్గురు పెద్దలు కనిపెట్టుకుని ఉండాలి. అయినా నేను ఒప్పుకోలేదు.

ఏడో తరగతి చదువుతున్న నా కూతురు ఈ ఏడాది మూడు నీళ్ల సీసాలు పోగొట్టింది, నిజమే. కానీ నిరుడు జంతు ప్రదర్శనశాలలో నీటిగుర్రాన్ని చూస్తూ అక్కడే ఉండిపోయినప్పుడు, క్లాసంతా ముందుకు వెళ్లిపోయిందని తెలిశాక అది పరుగెత్తలేదు, ఏడవలేదు, ఎవరో పిలిస్తే వాళ్ల వెంట వెళ్లలేదు. సారు వెతుక్కుంటూ వచ్చేదాకా ఆ కటకటాల దగ్గరే నిలబడింది. తప్పిపోతే కదలకుండా ఉన్నచోటే ఉండాలని ఇంట్లో ఎన్నోసార్లు చెప్పాను. అది మాత్రం మరచిపోలేదు. యాత్రకు సిద్ధంగా ఉండడమంటే నా దృష్టిలో ఇదే.

ఇలాంటి పిల్లలది మతిమరుపు అనడం కూడా సరికాదు. అది పరధ్యానం. మనసు వేరేచోట ఉన్నప్పుడు చేతిలోని వస్తువు జారిపోతుంది. అందుకే "గుర్తుపెట్టుకో" అని వందసార్లు చెప్పి లాభం లేదు. గుర్తుపెట్టుకోవలసినవే తగ్గించాలి.

మా ఇంట్లో ఐదు వేళ్ల లెక్క పెట్టుకున్నాం: సంచి, సీసా, స్వెట్టరు, టోపీ, మెడలో వేసుకునే చిన్న పర్సు. ఆరో వస్తువు లేదు. రైలు దిగినా, బస్సు దిగినా, భోజనం దగ్గర లేచినా వేళ్లు ముడిచి లెక్క చూసుకోవాలి. సంచి తనే సర్దుకోవాలి. అమ్మ సర్దితే ఏది ఏ అరలో ఉందో పిల్లకు తెలియదు. మొన్న ఆదివారం ఆ సంచితోనే సిటీ బస్సులో నాలుగు స్టాపులు తిప్పి తెచ్చాను. బయలుదేరేటప్పుడు సీసా వంటింట్లోనే ఉండిపోవడం చూశాను కానీ నోరు మెదపలేదు. గుమ్మం దగ్గర రెండో వేలు ముడవబోయి ఆగింది, లోపలికి వెళ్లి తెచ్చుకుంది.

విశాఖ నుంచి పొద్దున్నే బయలుదేరే కిరండూల్ రైలు బొర్రా గుహల స్టేషనులో కొద్ది నిమిషాలే ఆగుతుంది. పై బెర్తు మీద పెట్టిన సంచి అక్కడే ఉండిపోతుంది కాబట్టి ఒళ్లో పెట్టుకోమనండి. గుహల దగ్గర కోతులు ఎక్కువ, తినుబండారాలు చేతిలో కనిపిస్తే లాక్కుంటాయి. లోపల సున్నపురాయి నుంచి నీళ్లు కారుతూ నేల తడిగా ఉంటుంది, చెప్పులు వద్దు, జారని బూట్లు వేయండి. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబరులో తెల్లవారుజామున వణికించే చలి, మధ్యాహ్నానికి స్వెట్టరు విప్పేసేంత ఎండ. విప్పిన స్వెట్టరు సీటు మీద పెట్టకుండా నడుముకు కట్టుకోవడం అలవాటు చేయండి.

ఘాట్ రోడ్డులో వాంతులయ్యే పిల్లలకు ఏ మాత్ర, ఎప్పుడు వేయాలో డాక్టరును ముందే అడిగి, కాగితం మీద రాసి, మందులతో పాటు టీచరుకు ఇవ్వండి. ఉబ్బసం ఉంటే ఇన్‌హేలర్ ఒకటి పిల్ల దగ్గర, ఇంకొకటి టీచరు దగ్గర. అమ్మ నంబరు, టీచరు నంబరు కంఠతా రావాలి. పిల్లల సహాయానికి 1098, ఏ ఆపదకైనా 112 ఉన్నాయి. అయితే కొండల్లో చాలాచోట్ల సిగ్నల్ అందదు. అక్కడ నంబర్ల కన్నా ఉన్నచోటే నిలబడే అలవాటే ఎక్కువగా కాపాడుతుంది.

ఇక నీళ్లు. నా నిద్ర చెడగొట్టేది ఇదొక్కటే. అరకు దగ్గరి చాపరాయి వాగులో నున్నటి బండల మీద పారే నీళ్లు లోతు లేనట్టే కనిపిస్తాయి. పాచి మీద కాలు జారితే పెద్దవాళ్లే నిలదొక్కుకోలేరు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో, హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. పైనున్న లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదిలారు. ఆ పిల్లలు మరచిపోయినదేమీ లేదు. వాళ్లకు సకాలంలో చెప్పవలసినవాళ్లు చెప్పలేదు. ఎవరు రమ్మన్నా, స్నేహితులందరూ దిగినా, నీళ్లలో కాలు పెట్టవద్దని నా కూతురితో ఒట్టు వేయించుకున్నాను.

బడికి వెళ్లి మూడు మాటలు అడగండి. నీళ్ల దగ్గర పిల్లలతో ఎవరుంటారు? రాత్రి ఘాట్ దిగుతారా? బస్సు కదిలే ముందు తలలు లెక్కపెడతారా, పేర్లు పిలుస్తారా? ఈ బస్సు పిల్ల పక్క బస్సు ఎక్కి, ఆ బస్సు పిల్ల ఇందులో ఎక్కినా తలల లెక్క సరిపోతుంది. పేరు పిలిస్తే ఆ పొరపాటు వెంటనే బయటపడుతుంది. ప్రతి బిడ్డకూ ఒక జోడీని పెట్టమని కూడా అడిగాను. మా అమ్మాయికి కసురుకోకుండా "రా, వెళ్దాం" అనే పిల్ల జోడీగా కావాలన్నాను. టీచరు కాసేపు ఆలోచించి అన్నిటికీ సరేనన్నారు. అనుమతి పత్రం మీద సంతకం చేసి ఇచ్చి వచ్చాను.