చౌడు చేలో వరికి జింకు, పొటాష్ ఎప్పుడు వేయాలి?

మాది దివిసీమలో శివారు భూమి. కాలువ నీళ్లు అందరికంటే ఆఖరున వస్తాయి, ఎండాకాలంలో గట్ల మీద తెల్లగా ఉప్పు పూస్తుంది. ఒక ఏడాది ఊడ్చిన మూడు వారాలకు పైరు ఎదగక పాలిపోయింది. బలం చాలలేదనుకుని యూరియా చల్లాను. పచ్చబడలేదు, మళ్లీ చల్లాను. చివరికి మడిలో దిగి చూస్తే ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు, లేతాకు మొదట్లో ఈనె తెల్లబడి ఉంది. అది జింకు లోపం. అప్పటికే పిలకలు వేసే రోజులు చాలావరకు గడిచిపోయాయి. ఆ పరిస్థితి మీకు రాకూడదనే ఇది రాస్తున్నా.

ముందు మట్టి పరీక్ష. ఈసీ, అంటే మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, 4 దాటితే ఉప్పు చౌడు. పీహెచ్ 8.5 దాటితే క్షార గుణం, అంటే కారు చౌడు, ఉందేమో చూడాలి. జిప్సం కారు చౌడుకు మందు. అందులోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియాన్ని విడిపిస్తుంది. ఉత్త ఉప్పు చౌడుకు మంచి నీళ్లు పెట్టి, మురుగు కాలువలోకి తీసేయడమే దారి. పరీక్ష లేకుండా జిప్సం బస్తాలు కొనకండి, డబ్బు వృథా.

కడిగినా కొంత ఉప్పు మిగులుతుంది. అక్కడే పోషకాల పని మొదలవుతుంది. సోడియం వేరులోకి పొటాషియం వెళ్లే దారినే పడుతుంది, దాని చోటు ఆక్రమిస్తుంది. అందుకే మన నేలలో పొటాష్ ఉందని మానేయకూడదు. సగం దమ్ములో (ఊడ్పుకు ముందు బురద దున్నేటప్పుడు), సగం చిరుపొట్ట దశలో (వెన్ను మొదలయ్యే వేళ) వేయండి. మామూలుగా దొరికే మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌తో పాటు క్లోరైడ్ కూడా చేలోకి వెళ్తుంది, కాబట్టి స్తోమత ఉంటే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ మేలు. నేను చిరుపొట్టకు ముందు పొటాషియం నైట్రేట్ లీటరుకు 10 గ్రాములు కలిపి ఒకసారి పిచికారీ కూడా చేస్తాను. ఉప్పుతో వేరు దెబ్బతిన్నప్పుడు ఆకు ద్వారా ఇచ్చింది త్వరగా అందుతుంది.

జింకు సల్ఫేట్ ఎకరాకు 20 కిలోలు, ఆఖరి దమ్ములో. డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ లాంటి భాస్వరం ఎరువులతో కలపొద్దు, భాస్వరం జింకును కట్టేస్తుంది. రెండు మూడు రోజులు ఎడం ఇవ్వండి. దమ్ములో వేయడం కుదరకపోతే, మచ్చలు కనపడగానే లీటరుకు 2 గ్రాములు కలిపి ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు కొట్టండి.

చౌడులో యూరియాలోని నత్రజని గాలిలోకి ఎక్కువ పోతుంది. అందుకే మామూలు మోతాదు కంటే పావు వంతు ఎక్కువగా, మూడు నాలుగు దఫాలుగా వేయాలి. నేను చేసినట్టు వెంటవెంటనే గుమ్మరించకండి. వేసవి వానకు పచ్చిరొట్ట పైరైన జీలుగ చల్లి పూతకు ముందు కలియదున్నితే యూరియా ఖర్చు కూడా తగ్గుతుంది. జీలుగ చౌడును బాగా తట్టుకుంటుంది. మిల్లు దగ్గర ఊక బూడిద దొరికితే అదీ తోలుకోండి, అందులోని సిలికా వరి వేరులోకి సోడియం రాకుండా కొంత అడ్డుకుంటుంది.

ఎరువు చల్లే ముందు మడిలో నీళ్లు తీసి బురద పదును మీద చల్లండి. రెండు రోజులకు మంచి నీళ్లు పెట్టండి. అప్పటిదాకా మురుగు తూము మూసే ఉంచండి, కానీ చేను మాత్రం ఆరనివ్వకండి. ఆరితే కింది ఉప్పు పైకి వస్తుంది.