ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 నేర్చుకుందాం – 3వ పాఠం: డిఫికల్టీ ఎంత పెట్టుకోవాలి?

ఊరు కట్టి, సైన్యం పెంచి శత్రువును ఓడించే కంప్యూటర్ ఆట ఇది. పోయిన పాఠంలో విలేజర్లను (ఆహారం, కట్టెలు తెచ్చే పనివాళ్లను) గొర్రెల దగ్గరికి, కట్టెల దగ్గరికి ఎలా పంచాలో చూశాం. ఈసారి ఆట మొదలయ్యే ముందు వచ్చే సెట్టింగుల పేజీ దగ్గరే ఆగుదాం. చాలామంది ఇక్కడ కంప్యూటర్ (మన మీద శత్రువుగా ఆడే ఏఐ) లెవెల్ ఒక్కటి మార్చి స్టార్ట్ నొక్కేస్తారు. స్టాండర్డ్‌లో గెలవగానే హార్డ్‌కు దూకి, పావుగంటలో ఊరంతా తగలబడిపోతే ఇది మనవల్ల కాదని ఆట పక్కన పెట్టేసేవాళ్లు ఉంటారు. నాకు అది చూస్తే బాధేస్తుంది. వాళ్లు ఆడలేక ఓడిపోలేదు, కష్టాన్ని ఎక్కడ పెంచుకోవాలో తెలియక ఓడిపోయారు.

లెవెల్స్ ఆరు: ఈజియెస్ట్, స్టాండర్డ్, మోడరేట్, హార్డ్, హార్డెస్ట్, ఎక్స్‌ట్రీమ్. మనం ఆడుతున్నది 2019లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్. 1999 నాటి పాత ఆటలో హార్డెస్ట్ కంప్యూటర్‌కు ఊరకే అదనపు వనరులు అందేవి. డెఫినిటివ్ ఎడిషన్‌లోని కొత్త ఏఐకి అలాంటి సాయం లేదు. మనలాగే కట్టెలు కొట్టి, బంగారం తవ్వి సంపాదించుకోవాలి. లెవెల్ పెరిగేకొద్దీ అది పని వృథా చేయడం తగ్గిస్తుంది, దాడికి తొందరగా వస్తుంది, అంతే. అంటే అది చేసే ప్రతి పనినీ మీరు నేర్చుకోవచ్చు. ఏఐ ఎంచుకునే చోట పాత సీడీ కాలం నాటిది కూడా కనిపిస్తుంది. దాన్ని ముట్టుకోకండి, లెవెల్ పేరు అదే ఉన్నా అర్థం మారిపోతుంది.

ముందు మీ స్థాయి ఎంతో కొలుచుకోవాలి. గెలుపు ఓటములను బట్టి కాదు, గడియారాన్ని బట్టి. లెక్క చాలా సులువు. ఒక విలేజర్‌కు 50 ఆహారం, 25 సెకన్లు కావాలి. ఆట ముగ్గురితో మొదలవుతుంది. (ఆటలోని చైనీస్, మాయన్ పక్షాల లెక్క వేరు, ఇప్పుడు వాళ్లను వదిలేద్దాం.) టౌన్ సెంటర్ (విలేజర్లు పుట్టే భవనం) ఒక్క క్షణం కూడా ఖాళీగా లేకుండా ఇంకో 19 మందిని తయారుచేస్తే 475 సెకన్లు. మధ్యలో లూమ్‌కు (విలేజర్లను గట్టిపరిచే పరిశోధనకు) 25 సెకన్లు కలపండి. మొత్తం 500 సెకన్లు, అంటే 8 నిమిషాల 20 సెకన్లు. అప్పటికి 22 మంది విలేజర్లు, చేతిలో 500 ఆహారం ఉంటే ఫ్యూడల్ ఏజ్ (ఆటలో రెండో యుగం) నొక్కొచ్చు. ఆ పరిశోధనకు 130 సెకన్లు పడుతుంది కాబట్టి 10:30కి ఫ్యూడల్‌లో ఉంటారు.

ఇప్పుడు మీ ఆట చూసుకోండి. 22 మందితో మీరు 10 నిమిషాలకు నొక్కారనుకుందాం. 100 సెకన్లు ఆలస్యం, అంటే నలుగురు విలేజర్లు పుట్టాల్సిన సమయం పోయింది. ఎక్కడ పోయింది? సాధారణంగా ఇళ్ల దగ్గర. టౌన్ సెంటర్ 5గురికే చోటిస్తుంది, ఒక ఇల్లు ఇంకో 5గురికి. మొదట్లోనే ముగ్గురు విలేజర్లు, ఒక స్కౌట్ (చుట్టూ తిరిగి చూసొచ్చే గుర్రపు రౌతు) కలిసి నలుగురున్నారు. అందుకే ఆట మొదలవగానే ఇల్లు కట్టమని రెండు పాఠాలుగా పట్టుబడుతున్నాను. ఇళ్లు సరిపోయినా ఆహారం చాలక ఆగిందంటే గొర్రెలు, బెర్రీల మీద మనుషులు తక్కువున్నారని అర్థం.

ఈ గడియారంలో 12 నిమిషాలు దాటాక గానీ ఫ్యూడల్‌కు చేరని వాళ్లు స్టాండర్డ్‌లోనే ఉండాలని నా అభిప్రాయం, గెలుస్తున్నా సరే. 11, 12 మధ్య వస్తే మోడరేట్. అక్కడ ఎక్కువ రోజులు ఉండండి, తొందరేమీ లేదు. మోడరేట్ నుంచి హార్డ్‌కు వెళ్లడమే ఈ ఆటలో అన్నిటికంటే పెద్ద మెట్టు. హార్డ్ నుంచి పైకి వెళ్లడం ఓపిక పని.

లెవెల్ కాక కష్టాన్ని మార్చేవి ఇంకా ఉన్నాయి. మొదటిది స్పీడ్. నార్మల్ అంటే 1.7 రెట్లు, అంటే ఆటలో 10 నిమిషాలు మీ గదిలో 6 నిమిషాలకన్నా తక్కువ. చేతులు ఆగమాగమైపోయి టెన్షన్ వస్తుంటే స్లో పెట్టుకోండి, అది సరిగ్గా 1.0. పైన చెప్పిన లెక్క మారదు, ఎందుకంటే ఆట గడియారం కూడా స్పీడ్‌తో పాటే నడుస్తుంది. మీకు ఆలోచించుకునే తీరిక మాత్రం దొరుకుతుంది. లెవెల్ దించేకన్నా స్పీడ్ దించడమే నయం, శత్రువు ఎత్తులు పూర్తిగా చూడగలుగుతారు.

తర్వాత మ్యాప్. అరేబియా అంతా బయలు, శత్రువు ఎటునుంచైనా వస్తాడు. అరీనాలో మొదటి నుంచే మీ ఊరి చుట్టూ రాతి గోడ ఉంటుంది. ఒకే హార్డ్ కంప్యూటర్ ఈ రెండు మ్యాపుల్లో ఇద్దరు వేర్వేరు మనుషుల్లా అనిపిస్తుంది. గోడ కూడా వద్దు, కొంతసేపు యుద్ధమే వద్దు అనుకుంటే ట్రీటీ సమయం పెట్టుకోవచ్చు, అది అయ్యేదాకా ఎవరూ ఎవరి మీదా దాడి చేయలేరు.

మీరు ఏ పక్షాన ఆడుతున్నారన్నదీ ముఖ్యమే. ఫ్రాంకులకు పొలాల మెరుగుదలలు ఉచితం, గుర్రపు దళం బలంగా ఉంటుంది, నేర్చుకునేటప్పుడు వాళ్లే మేలు. 2022లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు ప్యాక్‌లో ద్రావిడులు ఉన్నారని చాలామంది మనవాళ్లు ముందు వాళ్లనే తీసుకుంటారు. ఆ ఇష్టం నాకూ ఉంది. ద్రావిడుల క్యాంపెయిన్ (కథగా ఘట్టాలు ఘట్టాలుగా సాగే ఆట) నాయకుడు రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవే మన రాజరాజ నరేంద్రుడి భార్య. కానీ ద్రావిడులకు నైట్లు (బలమైన గుర్రపు సైనికులు) లేరు. పదాతి దళాన్ని, ఏనుగులను నడపడం వచ్చాక వాళ్ల దగ్గరికి రండి. క్యాంపెయిన్‌లో లెవెల్ సంగతీ వేరు. అక్కడ శత్రువు ఎంత సైన్యంతో మొదలవుతాడు, ఎప్పుడు వస్తాడు అన్నది ఆ ఘట్టాన్ని బట్టి ముందే రాసి ఉంటుంది. క్యాంపెయిన్‌లో హార్డ్ గెలిచానని మామూలు ఆటలో హార్డ్ పెట్టుకోవద్దు.

ఇక ఓడినప్పుడు ఏం మార్చాలి? ఆట అయ్యాక వచ్చే గణాంకాల పేజీ మూసేయకండి. టెక్నాలజీ భాగంలో ఎవరు ఏ ఏజ్‌కు ఎప్పుడు చేరారో ఉంటుంది, సొసైటీలో అత్యధికంగా ఎంతమంది విలేజర్లున్నారో ఉంటుంది. మీ విలేజర్లు శత్రువు కంటే బాగా తక్కువగా ఉంటే సమస్య యుద్ధంలో లేదు. అదే లెవెల్‌లో ఉండి, ట్రీటీ పెట్టుకుని ఊరు నడపడం సాధన చేయండి. విలేజర్లు సరిపడా ఉన్నా మొదటి దాడికే కూలిపోతే అరీనాకు మారండి. రెండూ బాగుండి సైన్యం మాత్రం ఓడిపోతుంటే, వచ్చేదేమిటో చూడకుండా సైన్యం తయారుచేస్తున్నారన్నమాట. నైట్లకు ఎదురు స్పియర్‌మన్ (ఈటె పట్టిన కాలిబంటు), ఆర్చర్లకు (విలుకాళ్లకు) ఎదురు స్కర్మిషర్ (బల్లెం విసిరేవాడు). స్పీడ్ తగ్గించి, స్కౌట్‌ను శత్రువు ఊరిమీద తిప్పుతూ ఆడండి.

ఒకసారికి ఒక్కటే మార్చండి. లెవెల్, మ్యాప్, స్పీడ్ మూడూ కలిపి మారిస్తే గెలిచినా ఓడినా దేనివల్లో తెలియదు. ఒకే మ్యాప్‌లో వరుసగా రెండుసార్లు గెలిచి, ఎందుకు గెలిచారో ఒక వాక్యంలో చెప్పగలిగితే ఒక మెట్టు ఎక్కండి. ఎందుకు ఓడుతున్నారో రెండు ఆటలు ఆడినా తెలియకపోతే ఒక మెట్టు దిగండి.

ఈ వారం పని: ఫ్రాంకులు, అరీనా, మోడరేట్, స్పీడ్ 1.0. గెలవాలని పట్టుదల వద్దు. ఫ్యూడల్ ఏ నిమిషానికి నొక్కారో, అప్పటికి విలేజర్లు ఎంతమందో మూడు ఆటలకు రాసిపెట్టుకోండి. నాలుగో పాఠంలో ఆ కాగితం చేతిలో పెట్టుకునే క్యాజిల్ ఏజ్‌కు (ఫ్యూడల్ తర్వాతి యుగానికి) 800 ఆహారం, 200 బంగారం ఎలా కూడబెట్టాలో లెక్క వేద్దాం.